పికప్పులో టెంటు సామాను, వెనక జనరేటర్ ట్రాలీ: హైవే ఎక్కగానే ట్రాలీ ఊగుతోంది, ఏటి చెయ్యాల?

కొత్త_పందిరి:
రాజాం దగ్గర టెంట్ హౌస్ పని. బండి ఆర్సీలో గ్రాస్ (లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు) 3,150 కిలోలు, ఖాళీ బరువు 1,650 అని ఉంది. పెళ్ళి ఆర్డరుకి ఒక్క ట్రిప్పులో వేసేది ఇదీ: ప్లాస్టిక్ కుర్చీలు 200, ఇంచిన్నర జీఐ పైపులు పదడుగులవి 40, షామియానా గుడ్డలు, తివాచీలు, వంట గుండిగలు, పొయ్యిలు, 19 కిలోల గ్యాస్ సిలిండర్లు నాలుగు. క్యాబిన్లో డ్రైవరు, ఇద్దరు కుర్రాళ్ళు. వెనక రెండు చక్రాల ట్రాలీ మీద 25 కేవీఏ సైలెంట్ జనరేటర్. హుక్కు వెనక బంపరుకి వెల్డింగ్ చేయించినదే, ట్రాక్టరు ట్రాలీకి ఉండేలాంటి పిన్ను.

ఊళ్ళ రోడ్ల మీద 30, 35లో బాగానే వస్తుంది. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి 55 దాటించామంటే ట్రాలీ కుడికీ ఎడమకీ కొట్టడం మొదలెడుతుంది, స్టీరింగు కూడా తేలిపోయినట్టుంటుంది. బస్సు పక్కనుంచి దాటితే ఇంకా ఎక్కువ. టైర్లలో గాలి తక్కువని ఒకరు, కమాన్లు (పట్టీ స్ప్రింగులు) వేయించమని ఒకరు, స్పీడు తగ్గించుకోమని ఒకరు చెప్తున్నారు. అసలు ఎక్కడ తేడా ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి. సామాను కట్టే పద్ధతి కూడా చెప్తే మేలు, తాళ్ళు దారిలోనే వదులైపోతున్నాయి.

కాటా_చీటీ:
అన్నా, ట్రాలీ సంగతి తర్వాత. ముందు పికప్పు లెక్క చూడండి. గ్రాస్‌లోంచి ఖాళీ బరువు తీసేస్తే 1,500. ఆ 1,500లోనే సామానూ రావాలి, మనుషులూ రావాలి. ఖాళీ బరువులో డ్రైవరు లెక్కకి రాడు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

ఇప్పుడు మీ సామాను. కుర్చీ రెండున్నర కిలోలు వేసుకున్నా 200కి 500. ఇంచిన్నర మీడియం జీఐ పైపు మీటరుకి మూడున్నర కిలోలు పైనే, పదడుగుల ముక్క దాదాపు 11 కిలోలు, 40కి 440. గుడ్డలు, తివాచీలు పొడిగా ఉంటే 200 అనుకుందాం. గుండిగలు, పొయ్యిలు, గరిటెలు అన్నీ కలిపి 250. నిండు కమర్షియల్ సిలిండరు ఒక్కోటి 36 కిలోల వరకు ఉంటుంది, నాలుగూ 145. ముగ్గురు మనుషులు 200. మొత్తం 1,735. ట్రాలీ తగిలించక ముందే 235 ఎక్కువ. జనరేటర్ ట్రాలీ ముక్కు, అంటే ముందు కొస, మీ హుక్కు మీద ఎంత మోపుతుందో అది కూడా పికప్పు మోతలోకే వస్తుంది.

ఇంకోటి, తిరుగు ప్రయాణం. వానొస్తే తడిసిన షామియానా, తివాచీలు పొడి బరువుకి రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు. వెళ్ళేటప్పుడు కాటా దగ్గర సరిపోయిన లోడు వచ్చేటప్పుడు సరిపోదు. కార్తీకంలో, ఆ తుపాన్ల రోజుల్లో ఆర్డర్లు ఉంటే ఈ తేడా ముందే పక్కన పెట్టుకోవాలి.

ఇక ఊగడం. రెండు చక్రాల ట్రాలీ ఊగుతోందంటే నూటికి తొంభై పాళ్ళు దాని ముక్కు తేలిగ్గా ఉందనే అర్థం. ట్రాలీ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద కూర్చోవాలి. అంతకంటే తక్కువైతే ట్రాలీ వెనక భాగం తన ఇష్టానికి పోతుంది. బస్సు గాలి కొట్టినా, గుంతలో ఒక చక్రం దిగినా ఊపు మొదలై, స్పీడుతో పాటు పెరుగుతుంది. 35లో కనపడక 55లో కనపడడానికి కారణం అదే. గాలి తక్కువైతే ఊపు పెరుగుతుంది గానీ పుట్టేది మాత్రం బరువు కూర్చున్న చోటే. కమాన్లు వేయిస్తే పికప్పు వెనక భాగం ఎత్తుగా కనపడుతుంది, అంతే. ఆర్సీలో గ్రాస్ పెరగదు, ట్రాలీ ముక్కు బరువు మారదు.

కొలవడం ఇలా. రాజాంలోనో చీపురుపల్లిలోనో వే బ్రిడ్జికి (బండ్లు తూచే కాటాకి) వెళ్ళండి, మూడు తూకాలు తీయించండి. మొదటిది ఖాళీ పికప్పు ఒక్కటే, డ్రైవరు కూర్చుని. రెండోది ట్రాలీ తగిలించి, పికప్పు నాలుగు చక్రాలూ ప్లేటు మీద, ట్రాలీ చక్రాలు మాత్రం ప్లేటు బయట. మూడోది మొత్తం ప్లేటు మీద. రెండోదాంట్లోంచి మొదటిది తీస్తే ముక్కు బరువు. మూడోదాంట్లోంచి రెండోది తీస్తే ట్రాలీ చక్రాల మీద బరువు. ప్లేటు, బయటి నేల ఒకే మట్టంలో ఉన్న కాటా చూసుకోండి, లేకపోతే రెండో తూకం తప్పు చూపిస్తుంది. ఆ చీటీలు ఇక్కడ పెట్టండి. యాక్సిల్ నుంచి పిన్ను వరకు ఎంత పొడవుందో టేపుతో కొలిచి అది కూడా రాయండి. ట్రాలీ టైరు సైజు, దాని పక్కన ఉన్న నంబరూ అక్షరమూ చూసి రాయండి.

వెల్డింగ్_బల్ల:
బంపరుకి వెల్డింగ్ చేసిన హుక్కా! లెక్కలు తర్వాత, ముందు అది తీయించండి. బంపరు ఉన్నది తగిలితే వంగడానికి, టన్ను పైన బరువు లాగడానికి కాదు. హుక్కు బలం ఛాసిస్ కమ్మీల్లోకి పోవాలి.

ఛాసిస్ కమ్మీ సీ ఆకారంలో ఉంటుంది కదా, దాని నిలువు గోడకే రంధ్రం చేయాలి. పైనా కిందా ఉన్న అంచుల జోలికి వెళ్ళకూడదు, వంపు బరువంతా మోసేది ఆ అంచులే. వెల్డింగు కూడా ఛాసిస్ మీద వద్దు, వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారి ఆ టాకా పక్కనే పగులు మొదలవుతుంది. రెండు పక్కలా 8 మిల్లీమీటర్ల ప్లేట్లు, పక్కకి కనీసం మూడు బోల్టులు, ఎం12, తల మీద 8.8 అని అచ్చు ఉన్నవి, నైలాక్ (కుదుపుకి వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే) నట్లతో. ఆ రెండు ప్లేట్లని కలిపే అడ్డ దూలానికి హుక్కు. అడ్డ దూలానికి వెల్డింగ్ చేసుకోవచ్చు, అది విడి ముక్క.

ట్రాక్టరు పిన్ను ట్రాక్టరుకి బాగుంటుంది, అది 20, 25లో పోతుంది. పిన్నుకీ రంధ్రానికీ మధ్య ఖాళీ ఉంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా టంగుమని కొట్టుకుంటుంది చూడండి, ఆ ఖాళీయే ఊపుకి చోటు ఇస్తుంది. 50 మిల్లీమీటర్ల బంతి, దాని మీద కూర్చునే కప్పు కప్లింగు పెట్టించుకోండి. రెండూ ఒకే కొలతవి కావాలి. 50 కప్పు కింద రెండంగుళాలకి కొంచెం తక్కువ ఉండే పాత బంతి పెడితే కూర్చున్నట్టే ఉంటుంది, స్పీడు బ్రేకరు మీద ఎగిరి ఊడిపోతుంది. కప్పు లాకు వేశాక ట్రాలీ ముందు కాలు జాకీతో పైకెత్తి చూడండి. పికప్పు వెనక భాగం కూడా లేవాలి. లేవలేదంటే లాకు పడలేదు.

గొలుసులు రెండు తప్పనిసరి. గ్రేడ్ 80 గొలుసు 8 మిల్లీమీటర్లది సురక్షిత మోత 2 టన్నులు, మీకు సరిపోతుంది. ట్రాలీ దూలం కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటించి, ఛాసిస్‌కి బిగించిన కన్నాలకి డీ ఆకారపు ఇనుప కడియం, అదే డీ షాకిల్‌తో వేయండి. అలా దాటిస్తే కప్లింగు ఊడినా దూలం రోడ్డు మీద గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. మలుపులో బిగుసుకోనంత వదులు, నేలకి రాసుకోనంత బిగువు ఉండాలి. ఎస్ ఆకారం కొక్కేలు వద్దు, కుదుపుకి సాగి తెరుచుకుంటాయి.

ఎత్తు కూడా చూసుకోండి. లోడు వేశాక ట్రాలీ ఫ్రేము నేలకి సమాంతరంగా గానీ, ముక్కు ఇసుమంత కిందికి గానీ ఉండాలి. ముక్కు పైకి లేచి ఉంటే జనరేటర్ బరువు వెనక్కి పోయి మళ్ళీ అదే ఊపు.

సువర్ణముఖి_ఒడ్డు:
ఇంత ఎందుకు గురూ, ట్రాలీ ముందు భాగంలో రెండు ఇసుక బస్తాలు వేస్తే ముక్కు బరువు వచ్చేస్తుంది. ఖర్చు లేని పని.

కాటా_చీటీ:
ఊపు తగ్గుతుంది, కాదనను. కానీ ఆ ట్రాలీకి బ్రేకు ఉందా? పోస్టులో రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను. బ్రేకు లేని ట్రాలీకి బరువు పెంచి బాగుచేయడం ఏ రకంగానూ మంచిది కాదు. పికప్పు బ్రేకులు దాని గ్రాస్ బరువుకి లెక్కేసి పెట్టినవి. వెనక టన్నుంపావు ఊరికే దొర్లుకుంటూ వస్తుంటే ఆ బరువు కూడా మీ పికప్పు బ్రేకులే ఆపాలి. యూరప్‌లో బ్రేకు లేని ట్రెయిలర్‌కి హద్దు మొత్తం 750 కిలోలు. మీది ఆ హద్దు ఎప్పుడో దాటింది. పైగా బండి మాన్యువల్లో లాగే బరువు ఎంతో రాసి ఉందేమో చూడండి. ఎక్కడా రాయలేదంటే కంపెనీ ఆ పనికి హామీ ఇవ్వలేదన్న మాట.

ఇసుక కొనే బదులు జనరేటర్‌ని ఫ్రేము మీద ముందుకి జరపడమే సరైన పని. చీటీలు రానీయండి, ఎంత జరపాలో చెప్తాను.

ఘాటీ_స్టీరింగు:
లోడు కట్టడం గురించి అడిగారు కదా, చెప్తాను.

సర్దేటప్పుడు బరువైనవి కింద, వెనక చక్రాలకి ముందు పక్కకి. పైపులు తొట్టి నేల మీద పొడవుగా, మొనలు క్యాబిన్ వెనక గోడకి ఆనుకుని. గోడకీ పైపు మొనలకీ మధ్య బెత్తెడు ఖాళీ వదిలితే, బ్రేకు వేసినప్పుడు ఆ ఖాళీలో స్పీడు అందుకుని వచ్చి గోడని కొడతాయి. ఖాళీ లేకపోతే ఆ బరువు గోడే మోస్తుంది, తాడు మోయక్కర్లేదు. గుండిగలు ఒకదాంట్లో ఒకటి బోర్లించి గోడ పక్కనే. సిలిండర్లు నిలువుగా, మూతలు బిగించి, పక్క డోరుకి విడిగా కట్టాలి. పడుకోబెట్టొద్దు. తివాచీ చుట్టలు మధ్యలో మెత్తగా ఇరికిస్తే పైపులు దొర్లవు. కుర్చీలు ఆఖర్న, తేలికవి, పైన. క్యాబిన్ మీద కమ్మీల క్యారియర్ ఉంటుంది కదా, దానిమీద పైపులు మాత్రం వేయకండి. సడన్ బ్రేకుకి అవి ముందు పోతున్నవాడి మీదకి బాణాల్లా పోతాయి.

తాడు ఎందుకు వదులవుతుందంటే, నైలాన్ తాడు సాగే రకం. పైగా కుదుపుకి లోడు సర్దుకుని అంగుళం దిగుతుంది. ఆ అంగుళంతో బిగువంతా పోతుంది. అందుకే బయల్దేరిన పది కిలోమీటర్లకి ఆపి మళ్ళీ బిగించాలి. రాజాం నుంచి వస్తుంటే పొందూరు చేరేలోపే ఒకసారి, హైవే ఎక్కేముందు ఇంకోసారి. కుర్చీలకి తాడు చాలు. పైపులకి మాత్రం రేచెట్ బెల్టులు (చేతి పిడితో బిగించే పట్టీలు) కొనండి, 50 మిల్లీమీటర్ల వెడల్పువి.

బెల్టు మీద 5 టన్నులని పెద్దక్షరాలతో ఉంటుంది, అది తెగే బలం. లేబుల్ మీద చిన్నక్షరాల్లో ఎస్‌టీఎఫ్ అని ఒక అంకె ఉంటుంది, చేత్తో రేచెట్ లాగితే వచ్చే బిగువు అదే. 300 అని ఉంటే 300 కిలోల బిగువు అనుకోండి. పైనుంచి వేసిన బెల్టు లోడుని నేలకి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల వచ్చే రాపిడే లోడుని ఆపుతుంది.

మీ 440 కిలోల పైపులనే చూద్దాం. గట్టి బ్రేకుకి ముందుకి జారకుండా ఉండాలంటే బరువులో 80 శాతం, అంటే 350 కిలోల పట్టు కావాలి. ఇనుము మీద ఇనుము రాపిడి బరువులో ఐదో వంతే అనుకోండి, పైపుల సొంత బరువుతో వచ్చేది 88. ఒక్కో బెల్టు 60 డిగ్రీల వాలులో రెండు పక్కలా కలిపి 520 కిలోలు నొక్కుతుంది, దాంట్లో ఐదో వంతు 104. అంటే మూడు బెల్టులు వేస్తే గానీ చాలదు. అదే పైపుల కింద, వరసల మధ్య పాత ట్యూబు ముక్కలు పరిస్తే రాపిడి మూడింతలవుతుంది, లెక్క ప్రకారం ఒక్క బెల్టుతో పనైపోతుంది, రెండేస్తే నిశ్చింత. ట్యూబు ముక్కలు పంక్చరు షాపులో ఊరికే ఇస్తారు.

వాలు కూడా ముఖ్యం. లోడు ఎత్తు తక్కువై బెల్టు నేలకి దగ్గరగా 30 డిగ్రీల్లో పోతే నిలువుగా నొక్కేది బిగువులో సగమే. అలాంటప్పుడు మధ్యలో తివాచీ చుట్ట ఒకటి పెట్టి ఎత్తు చేసి, దాని మీదుగా వేయండి. పైపుల కట్టకి ముందూ వెనకా రెండు చోట్ల బెల్టుని ఒక చుట్టు పూర్తిగా తిప్పి బిగించాలి. పైనుంచి మాత్రమే వేస్తే మధ్య పైపులు జారిపోతాయి. బెల్టు పొట్టి అయిందని ముడి వేయకూడదు, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. గుండిగ అంచు తగిలే చోట టైరు ముక్క అడ్డం పెట్టండి. అంచు కోసుకుపోయిన బెల్టుని బయట పారేయండి, కుర్రాళ్ళు మళ్ళీ వాడకుండా ముక్కలు చేసి మరీ.

జనరేటర్ గురించి ఒకమాట. దాని కింద రబ్బరు దిమ్మలు ఇంజను వణుకు ఆపడానికి ఉన్నవి, రోడ్డు కుదుపు మోయడానికి కాదు. బయటి డబ్బా అడుగు ఫ్రేముని ట్రాలీ కమ్మీలకి బోల్టులతో బిగించాలి, తాడుతో కట్టి ఊరుకోకూడదు. తలుపులు తాళం వేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, సైలెన్సర్ మూత వేసి బయల్దేరండి.

నడిపేటప్పుడు ఊపు మొదలైందనుకోండి, చాలామంది స్టీరింగుని ఎదురు తిప్పుతారు, లేదా బ్రేకు గట్టిగా నొక్కుతారు. రెండూ ఊపుని పెంచేవే. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, స్టీరింగుని తిన్నగా పట్టుకుని, స్పీడు దానంతట అది పడనివ్వండి. వేగం పెంచి లాగేద్దామనుకోవడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన, మడపాం దగ్గర వంశధార వంతెన మీద పక్కగాలి ఎక్కువ. వంతెన ఎక్కాక కాదు, ముందే తగ్గించుకోవాలి. సాలూరు దాటి సుంకి ఘాటీ ఆర్డరు వస్తే బ్రేకు లేని ట్రాలీతో ఒప్పుకోవద్దు. దిగువలో ట్రాలీ నెడుతుంటే బ్రేకు లైనర్లు కాలి, పెడల్ తొక్కినా పట్టదు. వేరే జనరేటర్ అక్కడే అద్దెకి తీసుకోవడం చవక.

ఆర్సీ_పుస్తకం:
కాగితాల సంగతి కాస్త. మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు ప్లేటు ఉండాలి. వర్క్‌షాపులో కట్టించిన ట్రాలీలకి చాలావాటికి ఇది ఉండదు. బీమా పాలసీలో ట్రెయిలర్ విడిగా రాయించారో లేదో చూసుకోండి, రాయించకపోతే అది ఊడి ఎవరికైనా తగిలిన రోజున కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు.

ఓవర్‌లోడుకి 194 సెక్షను. 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000, ఎక్కువైన సామాను దింపించే ఖర్చు మనదే. దింపేదాకా బండి కదలనివ్వరు. తొట్టి దాటి పక్కకో, ముందుకో, వెనక్కో, ఎత్తుకో లోడు పొడుచుకొస్తే అదే సెక్షనులో ఇంకో 20,000. మీవి పదడుగుల పైపులే, తొట్టి దాటకపోతే సరే. ఇరవై అడుగులవి మాత్రం ఈ బండి మీద వేయకండి. అవి వెనక్కి పొడుచుకొస్తే మలుపులో పోయి జనరేటర్ డబ్బాకే గుచ్చుకుంటాయి.

ట్రాలీకి బ్రేకు లైటు, ఇండికేటర్లు, టెయిల్ లైటు పికప్పు నుంచి వైరింగ్ ఉండాలి. ఏడు పిన్నుల సాకెట్టు దొరుకుతుంది. మామూలు బల్బులు అదనంగా తగిలిస్తే ఇండికేటర్ కొట్టే వేగం మారిపోతుంది, ఎల్ఈడీ పెట్టించండి, లేదా ఫ్లాషర్ మార్పించండి. రేడియం పట్టీలు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. పెళ్ళి సామాను తిరిగొచ్చేది అర్ధరాత్రే కదా, లైట్లు లేని ట్రాలీ ఆ టైములో రోడ్డు మీద ఉండకూడదు.

చివరిగా, కుర్రాళ్ళని కుర్చీల మీదో, జనరేటర్ డబ్బా మీదో కూర్చోబెట్టి తీసుకురాకండి. మన పక్క ఇది మామూలైపోయింది. లోడు మీంచి జారితే కింద ఉండేది మన ట్రాలీ చక్రమే. ఊళ్ళో కరెంటు వైర్ల కింద కుర్చీల ఎత్తు మీద నిలబడి పైపు అందుకోవడం కూడా అంతే ప్రమాదం.

కొత్త_పందిరి:
అందరికీ దండాలు. కాటా చీటీలు ఇవీ. ఖాళీ పికప్పు డ్రైవరుతో 1,720. ట్రాలీ తగిలించి చక్రాలు బయట: 1,760. మొత్తం: 2,970. జనరేటర్‌కి కంపెనీ వేసిన పేరు పలక మీద రాసున్న బరువు 1,000 కిలోలు. యాక్సిల్ నుంచి పిన్ను 2.4 మీటర్లు. ట్రాలీ టైర్లు పాత కారువి, 155/80 ఆర్13, పక్కన 79టీ అని ఉంది. ట్రాలీకి బ్రేకు లేదు, ట్రాలీ ఫ్రేము మీద ముందు వైపు అర మీటరు పైగా ఖాళీ ఉంది.

కాటా_చీటీ:
ఇదిగో దొంగ దొరికాడు. ట్రాలీ మొత్తం 1,250, హుక్కు మీద 40. మూడు శాతం! 125కి తగ్గకూడదు, 140 ఉంటే బాగుంటుంది. మనకి కావలసింది ఇంకో వంద.

1,000 కిలోల జనరేటర్‌ని ముందుకి ఎన్ని మీటర్లు జరిపితే ఆ పొడవుని 2.4తో భాగించి, 1,000తో గుణించండి. 10 సెంటీమీటర్లు జరిపితే హుక్కు మీద 42 కిలోలు పెరుగుతాయి. 24 సెంటీమీటర్లు జరిపితే సరిగ్గా వంద. 25 జరపండి, 144 అవుతుంది, పదకొండున్నర శాతం. అంతకంటే ఎక్కువ జరపొద్దు. హుక్కు పికప్పు వెనక యాక్సిల్‌కి ఒక 1.2 మీటర్లు వెనక ఉంటుంది, ముందు వెనక యాక్సిళ్ళ మధ్య 3 మీటర్లు అనుకుంటే 144 కిలోలు అక్కడ కూర్చోగానే ముందు చక్రాల మీంచి 58 కిలోలు లేచిపోతాయి, వెనక యాక్సిల్ మీద 202 పెరుగుతాయి. స్టీరింగు తేలినట్టుందని రాశారు కదా, దానికి తొట్టిలో వెనక్కి పడేసిన లోడు కూడా కారణం. అందుకే పైపులు, గుండిగలు ముందుకి సర్దమన్నది.

వే బ్రిడ్జి పదేసి కిలోల మెట్టుతో చూపిస్తుంది, 40 అంటే 30 నుంచి 50 దాకా ఏదైనా కావచ్చు. జరిపాక ఇంట్లోనే మనుషులు బరువు చూసుకునే మిషనుతో సరిచూసుకోండి. 144 దానికి ఎక్కువ కాబట్టి ఒక గట్టి పలక తీసుకోండి, ఒక చివర ఇటుక మీద, మూడడుగుల అవతల చివర మిషను మీద. ఇటుక నుంచి ఒక అడుగు దగ్గర ట్రాలీ ముక్కుని ఆనించండి. మిషను మూడో వంతు చూపిస్తుంది, 48 వస్తే మీ 144 వచ్చినట్టే. పలక బరువుకి ముందే సున్నా చేసుకోండి. ట్రాలీ ఫ్రేము మట్టంగా ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా చెక్క మొద్దులు వేసి చేయాలి.

టైర్ల విషయం ఊపు కంటే పెద్దది. 79 అంటే ఒక్కో టైరు 437 కిలోలు, అదీ గాలి నిండా ఉంటే. రెండూ 874. మీ యాక్సిల్ మీద ఇప్పుడు 1,210 ఉంది, జనరేటర్ జరిపినా 1,106. మే నెల ఎండలో హైవే మీద పేలడానికి సిద్ధంగా ఉన్న టైర్లవి. కనీసం 88 నంబరు కావాలి, అది 560. నా సలహా చిన్న ట్రక్కులకి వేసే 97 రకం, ఒక్కోటి 730. రిమ్ములు మారతాయి, మారనీయండి. కొత్తవి వేశాక 50 కిలోమీటర్లకి వీల్ నట్లు మళ్ళీ బిగించాలి. దారిలో ఆపినప్పుడు చేతి వెనక పక్కతో హబ్బు తాకి చూడండి, ఒకటి గోరువెచ్చగా, ఇంకోటి కాలుతూ ఉంటే బేరింగు పోతోంది.

పికప్పు లోడు: ముందు చెప్పిన 1,735కి ఈ 144 కలిపితే 1,880. 380 ఎక్కువ. కుర్చీలు 150 తీసి రెండో ట్రిప్పుకి పెట్టండి, లేదా ఆటో ట్రాలీ ఒకటి మాట్లాడుకోండి. చివరి కొద్ది కిలోల కోసం ఒక సిలిండరు కూడా ఆ రెండో బండిలోనే.

వెల్డింగ్_బల్ల:
టైర్లు మార్చేటప్పుడే ఓవర్‌రన్ బ్రేకున్న కప్లింగు, డ్రమ్ము యాక్సిలు వేయించుకోండి, ఎలాగూ రిమ్ములు మారుస్తున్నారు. పికప్పు స్పీడు తగ్గితే ట్రాలీ ముందుకి నెడుతుంది, కప్లింగు లోపలికి కదిలి రాడ్డు లాగి ట్రాలీ డ్రమ్ములు పట్టిస్తుంది. అది లేనంత వరకు ఈ ట్రాలీని 40 దాటించొద్దు, ముందు బండికి మామూలుకి రెట్టింపు దూరం వదలండి. రివర్సుకి దానికి ఒక లాకు ఉంటుంది, వేయకపోతే వెనక్కి నెట్టినప్పుడు కూడా బ్రేకులు పట్టేస్తాయి.

రివర్సులో పొట్టి ట్రాలీ చటుక్కున మడుచుకుంటుంది. స్టీరింగుని కింది భాగంలో పట్టుకుని, ట్రాలీ ఎటు పోవాలో చేతిని అటు కదపండి, ఒక్కసారికి కొంచెమే. కుర్రాడు డ్రైవరు అద్దంలో కనపడే చోట నిలబడాలి, పికప్పుకీ ట్రాలీకీ మధ్యలోకి వెళ్ళకూడదు.

జనరేటర్‌ని 25 సెంటీమీటర్లు ముందుకి జరపమన్నారు కదా, కొత్త రంధ్రాలు కొట్టే ముందు ఒకటి చూసుకోండి. డబ్బా తలుపు తెరిచినప్పుడు ట్రాలీ ముందు కాలి హ్యాండిల్‌కి తగులుతుందేమో, డీజిల్ పోసే మూత అందుతుందో లేదో. తగిలితే కాలిని దూలం పక్కకి మార్చి వెల్డింగ్ చేయించుకోవాలి. అది ట్రాలీ ముక్క కాబట్టి వెల్డింగుకి అభ్యంతరం లేదు.